మహమ్మారి వేళ ఇంటింటివారు ఎరుగవలసిన సంగతులు

మన గంజాం తీరమున పుట్టి పెరిగినవారికి తుఫాను క్రొత్త కాదు. గోపాలపురము రేవులో ప్రమాద సూచిక ఎగురవేసిరని వినిన తోడనే ఏమేమి చేయవలెనో చిన్న తరగతుల పిల్లలు సైతము చెప్పగలరు. పశువుల పలుపులు విప్పవలెను. బియ్యము, అగ్గిపెట్టె, పట్టాకాగితములు అటకమీదికి చేర్చవలెను. ముసలివారిని, బాలింతలను ముందుగా ఆశ్రయ భవనమునకు పంపవలెను. ఈ తెలివి మనకు ఊరక రాలేదు. 1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుఫానులో ఒడిశా తీరమున దాదాపు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను సరిగా మన గోపాలపురమువద్దనే తీరము దాటినను, లక్షలాది ప్రజలు ముందే ఇండ్లు విడిచి వెళ్లినందున మరణములు పదులలోనే నిలిచినవి. గాలి బలము తగ్గలేదు. జనులకు చేయవలసిన పని ముందే తెలిసియుండెను.

తుఫానునకు చప్పుడు కలదు. ఆకాశమున గురుతు కలదు. సముద్రము ముందుగా రంకెవేయును. అంటువ్యాధికి ఇవేవియు లేవు. అది చుట్టమువలె నవ్వుచు వచ్చి మన పీటమీదనే కూర్చుండును. పైగా తుఫాను ఒక రాత్రితో పోవును. మహమ్మారి ఏండ్ల తరబడి ఉండును. కావున దీనికి వేరు విధమైన అభ్యాసము కావలెను.

కోవిడ్ వ్యాధిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించెను; మార్చి 11న అది మహమ్మారి యనెను. మన దేశమున మార్చి 25 మొదలు రాకపోకలు నిలిచిపోయినవి. ఆ అత్యవసర పరిస్థితి ముగిసినదని అదే సంస్థ 2023 మే 5న తెలిపినది. ఆ వైరస్ లోకమును విడిచి పోలేదు గాని, ఆనాటి కట్టుబాట్లు నేడు లేవు. అట్లయిన మరల ఈ ప్రస్తావన యేల యని కొందరడుగవచ్చును. మహమ్మారులు ఒకసారి వచ్చి ఊరకుండునవి కావు. 1918లో బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరము మన దేశమున కోటికి మించిన ప్రాణములను బలిగొన్నది. 1911 నుండి 1921 వరకు గల పదేండ్లలో దేశ జనసంఖ్య పెరుగుటకు మారుగా తగ్గెను. ఆ కథ తెలిసిన ముసలివారు 2020 నాటికి మన నడుమ లేకపోయిరి. తెలిసినవి చెప్పువారు లేక మనము అన్నియు మొదటినుండి నేర్చుకొంటిమి. నేడు ఉన్నత తరగతులలో నున్న మీరు ఆనాడు అక్షరములు దిద్దుకొనుచున్న పిల్లలు. మీకు సెలవులు జ్ఞాపకముండును గాని సంగతులు జ్ఞాపకముండవు.

ఇక రెండవ కారణము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు గంజాం మద్రాసు రాజధానిలోనిది. అంతకు ఎంతో పూర్వమునుండియు బరంపురములోను, చుట్టుప్రక్కల గ్రామములలోను తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. మన ఇండ్లలోని పిల్లలు తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు లిపులు నాలుగింటిని ఎంతో కొంత చదువగలరు. వారి తాతలకు, మామ్మలకు ఒడియా మాట నోటికి వచ్చును గాని అక్షరము రాదు. ప్రభుత్వ ప్రకటనలు సహజముగనే ఒడియాలోను, ఇంగ్లీషులోను వచ్చును. అందువలన మహమ్మారి కాలమున ప్రతి తెలుగు ఇంటిలోను ప్రకటన చదివి వినిపించు పని పది పన్నెండేండ్ల పిల్లలమీద పడెను. వారు చదివినదే ఇంటికి చట్టము. వారు తప్పు చదివిన ఇల్లంతయు తప్పు నడచెను.

ఈ సందర్భమున ఒక చిన్న ముచ్చట. 2020 మే నెలలో మా వీధి మొగమున ఒక నోటీసు అంటించిరి. అందులో ‘సంగరోధ’ అను మాట పెద్ద అక్షరములతో నుండెను. ఎదురింటి మామ్మగారు మనుమని పిలిచి చదివించుకొని, ‘రోదనమా నాయనా! ఎవరు పోయినార్రా?’ అని కొంగు నోటికి అడ్డము పెట్టుకొనిరి. మేము నవ్వితిమి. ఆమె మాత్రము నవ్వలేదు. సంగము అనగా కలయిక, రోధము అనగా అడ్డగించుట. నలుగురితో కలయకుండ ఆపుట అని ఆ మాటకు అర్థము. ఇంగ్లీషువారు క్వారంటైన్ అనునది ఇదియే. పూర్వము వెనిస్ నగరమునకు వచ్చు ఓడలను ప్లేగు భయమున నలువది దినములు రేవు వెలుపలనే నిలిపెడివారు; ఆ భాషలో నలువది అను సంఖ్యనుండియే ఈ పేరు వచ్చినది.

సంగరోధము వేరు, రోగిని వేరుగా నుంచుట వేరు. ఈ రెండింటిని మనవారు చాలమంది ఒక్కటిగా తలచిరి. జ్వరము వచ్చి, పరీక్షలో వ్యాధి ఉన్నదని తేలినవానిని ఇతరులకు దూరముగా నుంచుట ఐసొలేషన్. ఇంకను ఏ బాధయు లేక, వ్యాధిగ్రస్తుని దగ్గర మసలినవాడో, వ్యాధి యున్న ఊరినుండి వచ్చినవాడో తన కది సోకినదో లేదో తేలువరకు వేచియుండుట సంగరోధము. ఆ నిరీక్షణకు మొదట పదునాలుగు దినములేల పెట్టిరి? శరీరమున ప్రవేశించిన వైరస్ సామాన్యముగా ఐదారు దినములలో బయటపడును. కొందరిలో పదునాలుగు దినములవరకు పట్టును. కావున ఆ గడువు ఎవరినో శిక్షించుటకు పెట్టినది కాదు, విత్తనము మొలకెత్తునో లేదో చూచుటకు రైతు ఆగువంటిది.

ఈ భేదము తెలియక మన జిల్లాలో ఎంత మనస్తాపము కలిగినదో పెద్దలకు జ్ఞాపకముండును. గంజాంనుండి సూరతు నగరపు మరమగ్గములలో పని చేయుటకు పోయినవారు వేలాదిమంది. పనులు ఆగి, తిండి జరుగక, 2020 మే మొదటివారమునుండి వారు రైళ్లలోను, బస్సులలోను ఇండ్లకు తిరిగి రాసాగిరి. బడులు, పంచాయతీ భవనములు వారికి తాత్కాలిక వసతులైనవి. అంతకు ముందే ఏప్రిల్ 19న ఒడిశా ప్రభుత్వము సర్పంచులకు తమ పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారములను ఇచ్చియుండెను. గడువు పూర్తిచేసినవారికి రెండువేల రూపాయలు ఇచ్చుటయు జరిగెను. ఇవి మంచి ఏర్పాట్లే. ఊరిని ఎరిగినవాని చేతిలో అధికారముండుట, కూలి పోయినవానికి కొంత పైకము ముట్టుట, ఈ రెండును లేక వట్టి ఆజ్ఞ పనిచేయదు. అయినను ఆ వేసవిలో గంజాం కొన్నాళ్లపాటు రాష్ట్రమంతటిలో వ్యాధి ఎక్కువగా నున్న జిల్లా యయ్యెను. తిరిగి వచ్చినవారిని చూచి తలుపులు మూసికొన్న వీధులు కలవు. తన ఊరికి తాను వచ్చినవాడు దొంగవలె తల వంచుకొని నడువవలసి వచ్చెను. ఇచ్ఛాపురము మనకు కూతవేటు దూరము. మన ఆడపడుచులు అక్కడ, వారి ఆడపడుచులు ఇక్కడ. అయినను రాష్ట్రపు సరిహద్దు మూసిన దినములలో తండ్రి శవమును కడసారి చూడ రాలేకపోయిన బిడ్డలు కలరు.

ఈ సిగ్గే మిక్కిలి ప్రమాదకరమైనది. మా వీధిలో జరిగిన సంగతి చెప్పెదను, పేర్లు అక్కరలేదు. 2021లో రెండవ విడత వ్యాధి ప్రబలినపుడు, పట్టుమగ్గముమీద నలువది ఏండ్లు పనిచేసిన ఒక పెద్దాయనకు జ్వరము వచ్చెను. అంతకు ముందు వారము అదే వరుసలోని మరియొక ఇంటి తలుపునకు కాగితము అంటించిరి. ఆ కాగితములో ఏమున్నదో ఈ ఇంటివారికి చదువ రాదు. అది ఇంటిని జప్తుచేయు నోటీసువంటిదనియు, అంటించిన ఇంటివారికి కొళాయి నీరు సైతము రానీయరనియు ఎవరో చెప్పిరి. కావున జ్వరము సంగతి దాచిరి. ఆయన దగ్గు బయటికి వినబడకుండ రేడియో పెట్టెడివారు. ఆరు దినములు గడచెను. ఏడవనాటి ఉదయము పెదవులు నీలివర్ణమునకు తిరిగినపుడు కేకలు వేసిరి, అందరము పరుగెత్తితిమి, ఆయన తిరిగి రాలేదు. ఆ కాగితమును తరువాత నేను శ్రద్ధగా చదివితిని. అందులో నున్నవి ఇంటివారి సంఖ్య, గడువు తేదీ, జ్వరము పెరిగిన పిలువవలసిన ఫోను నంబరు. అంతకు మించి ఏమియు లేదు. నేను ఆ వరుసకు నాలుగు ఇండ్ల దూరమున ఉండియు దానిని ఎవరికిని చదివి వినిపింపలేదు. ఎవరును అడుగలేదు గదా యని యుంటిని.

ఇక వ్యాధి ఎట్లు వ్యాపించునో చూతము. మొదటి నెలలలో మనమందరము పాలసంచులను సబ్బుతో కడిగితిమి. వంకాయలను ఉప్పునీట ముంచితిమి. వార్తాపత్రికను ఎండలో ఆరవేసితిమి. పరిశోధన ముందునకు సాగిన కొలది, తాకిన వస్తువులవలన వచ్చుట తక్కువ యనియు, ఊపిరితో వెలువడు సన్నని తుంపురులవలన, గాలిలో తేలు మిక్కిలి సూక్ష్మములైన కణములవలన వచ్చుటయే ఎక్కువ యనియు తేలినది. మనిషి మాటలాడునపుడు, దగ్గునపుడు, పాడునపుడు ఇవి బయలుదేరును. పెద్ద తుంపురులు రెండు గజముల లోపల నేలకు దిగును; చిన్నవి మూసిన గదిలో పొగవలె నిలిచియుండును. ఒక మూల అగరువత్తి వెలిగించిన గదియంతయు వాసన వచ్చును గదా! తలుపులు తెరచిన కొంతసేపటికి ఆ వాసన పోవును. ఇదియే సూత్రము.

‘ముందొకటి చెప్పి తరువాత మరియొకటి చెప్పిరి, ఇక వీరి మాట ఏల వినవలె?’ అని కొందరు విసుగుకొనిరి. తుఫాను హెచ్చరిక విషయమున మనము అట్లనము. ఉదయము పారాదీపు వైపు పోవుచున్నదనిన గాలివాన సాయంకాలమునకు కళింగపట్నము వైపు తిరిగిన, వాతావరణ శాఖవారు అబద్ధమాడిరని యనక క్రొత్త హెచ్చరికను విందుము. వ్యాధి సంగతియు అట్టిదే. ముఖమునకు గుడ్డ కట్టుకొనుట మొదట రోగులకును, వైద్యులకును మాత్రమే యనిరి. 2020 ఏప్రిల్ మొదటివారమున మన ప్రభుత్వము అందరును ఇంట కుట్టిన గుడ్డనైనను కట్టవలెననెను. ఒడిశాలో ఏప్రిల్ 9 మొదలు అది తప్పనిసరి యయ్యెను. ఏ బాధయు లేనివారినుండియు వ్యాధి సోకుచున్నదని ఈలోపల తెలిసినది. అదియే మార్పునకు కారణము. కావున సలహా కాగితము చూచిన వెంటనే ముందుగా తేదీ చూడుడు. తేదీ లేనిదానిని ప్రక్కన పెట్టుడు.

మన పాత ఇండ్లు చాల భాగము వరుస ఇండ్లు. రైలుపెట్టెవలె వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఇరుప్రక్కల గోడలు పొరుగువారివి. కిటికీలకు చోటు లేదు. ఇట్టి ఇంటిలో గాలి ఆడవలెనన్న వీధి తలుపును, పెరటి తలుపును ఒక్కసారిగా తెరచియుంచవలెను. ఒక్కటి తెరచిన చాలదు. గాలికి రాకతో పాటు పోకయు ఉండవలెను గదా. పెరటి వాకిట టేబులు పంకాను బయటి వైపునకు త్రిప్పి పెట్టిన లోపలి గాలిని అది వెలికి తోయును. మాటలాడవలసిన చుట్టములతో అరుగుమీద కూర్చుండి మాటలాడుట గదిలో కూర్చుండుటకంటె ఎంతయో మేలు. మన పూర్వులు వీధి అరుగు కట్టినది దీనికొరకు కాదు గాని, దీనికి చక్కగా పనికి వచ్చినది.

ముఖవస్త్రము ముక్కును, నోటిని, గడ్డమును కప్పవలెను. ముక్కు బయట పెట్టి గడ్డమునకు తగిలించుకొనుట గొడుగును చంకలో పెట్టుకొని వానలో నడచుటవంటిది. దగ్గరగా నేసిన నూలుగుడ్డ మూడు మడతలు మేలు. రోగికి సేవ చేయువారికి ఎన్‌–95 వంటిది అవసరము. తడిసిన దానిని మార్చవలెను. రెండేండ్లలోపు పిల్లలకు, ఊపిరాడని రోగులకు కట్టరాదు.

చేతులు కడుగుట విషయమున ఒక శాస్త్ర విశేషము కలదు. ఈ వైరస్‌కు పైపొర క్రొవ్వుతో నైనది. నూనె అంటిన గిన్నె వట్టి నీటితో పోదు, సబ్బు తగిలిన వెంటనే జిడ్డు విడిపోవును. అట్లే సబ్బు ఆ పైపొరను విడదీయగా వైరస్ నశించును. అందులకు ఇరువది సెకండ్లు పట్టును. మనస్సులో ఇరువదివరకు నెమ్మదిగా లెక్కించిన చాలును. ఖరీదైన సబ్బు అక్కరలేదు. గాలిలో వచ్చు వ్యాధికి చేతుల శుభ్రతవలన కలుగు ప్రయోజనము తక్కువైనను, వాంతులు, విరేచనములు తెచ్చు అనేక వ్యాధులను అది అడ్డగించును. కావున ఈ అలవాటును మాత్రము విడువవలదు.

ఇంటిలో నొకరికి వ్యాధి వచ్చినపుడు ఏమి చేయవలెను? వేరు గది ఉన్న మంచిదే. మనలో చాలమందికి లేదు. ఉన్న ఒక్క గదిలోనే గాలి వీచు వైపు మిగిలినవారును, గాలి బయటికి పోవు వైపు రోగియు ఉండునట్లు మంచము మార్చవలెను. ఒకరి తల ఉన్న వైపు మరియొకరి పాదములు ఉండునట్లు పండుకొనవలెను. సేవ చేయువారు ఒక్కరే యుండవలెను. వారు ముసలివారు, గర్భిణులు, మధుమేహము గలవారు కాకుండుట మేలు. రోగి కంచము సబ్బుతో కడిగిన చాలును, పారవేయ నక్కరలేదు. అన్నము గడపవద్ద పెట్టి మాటాడక పోవుట మాత్రము తగదు. రెండు బారల దూరమునుండి పలుకరించుటవలన వ్యాధి సోకు భయము తక్కువ. రోగికి మాట కూడ పథ్యమే.

జ్వరమునకు పారాసిటమాల్ మాత్ర, దప్పికకు గంజి, మజ్జిగ, తగినంత విశ్రాంతి. అధికసంఖ్యాకులకు ఇవి చాలును. చూడవలసినది ఊపిరి. వేలికి తగిలించు ఆక్సీమీటరు యంత్రము రక్తములోని ప్రాణవాయువు శాతమును చూపును. 94 గాని అంతకు మించి గాని యున్న ఇంటివద్ద ఉండవచ్చును. 93 గాని అంతకు తక్కువ గాని వచ్చిన వైద్యునికి చూపవలెను. 90కి తగ్గినచో ఒక గంటయు ఆలస్యము కూడదు. రోగి కూర్చుండి, చేయి చల్లగా నున్న రుద్ది వెచ్చజేసి, వేలి గోరునకు రంగు, గోరింటాకు లేకుండ చూచుకొని, అంకె నిలుకడ యగువరకు ఆగి చదువవలెను. చర్మము నల్లగా నున్నవారిలో ఈ యంత్రము ఉన్నదానికంటె కొంచెము ఎక్కువ చూపుననియు పరిశోధకులు కనుగొనిరి. కావున అంకె బాగున్నను మనిషి బాగుండనిచో మనిషినే నమ్మవలెను. యంత్రము లేని ఇంటిలో గడియారము చాలును. రోగికి చెప్పకుండ ఒక నిమిషము ఛాతీ ఎన్నిసార్లు లేచునో లెక్కింపుడు. పెద్దవారికి 24 గాని అంతకు మించి గాని యున్న అది ఆసుపత్రికి పోవలసిన గురుతు. మాటల నడుమ ఆయాసము, పెదవుల నీలము, ఎన్నడు లేని మగత, తికమక మాటలు, రొమ్ములో నొప్పి, ఇవియు అట్టివే. ఈ వ్యాధిలో ఒక మోసము కలదు. ప్రాణవాయువు తగ్గియు కొందరు హాయిగా నున్నట్లే కనబడుదురు. మా వీధి పెద్దాయన ఆరవనాటి రాత్రి ‘నాకు బాగానే యున్నది’ అని చెప్పి గంజి త్రాగెనట.

వాహనము వచ్చులోపల రోగిని బోర్ల పరుండబెట్టి, తలక్రింద ఒకటి, పొత్తికడుపు క్రింద ఒకటి, కాళ్లక్రింద ఒకటి దిండ్లు ఉంచిన ఊపిరితిత్తుల వెనుక భాగము విచ్చుకొని కొంత ఉపశమనము కలుగును. గర్భిణులకు, గుండెజబ్బు తీవ్రముగా గలవారికి ఇది తగదు. ఒడిశాలో వాహనమునకు 108, ఆరోగ్య సలహాకు 104. ఈ రెండంకెలు వంటింటి గోడమీద బొగ్గుతోనైనను వ్రాసియుంచుడు.

ఎరిగినవారు చెప్పిరని దుకాణములో మందులు కొనుట 2021లో కొంపలు ముంచినది. స్టెరాయిడ్ మందు ప్రాణవాయువు అవసరమైన రోగులలో మరణములను తగ్గించునని 2020 జూన్‌లో ఇంగ్లండులో తేలినది, అది నిజమే. ఆ అవసరము లేనివారికి అదే మందు హాని చేయును. మధుమేహము గలవారు దానిని మితిమీరి వాడగా చక్కెర పెరిగి, కండ్లకు, ముక్కునకు నల్లబూజు తెగులు సోకి అనేకులు కన్ను కోల్పోయిరి. వైరస్‌మీద యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. మిరియాల కషాయము, పసుపుపాలు గొంతుకు హాయి నిచ్చును, త్రాగవచ్చును. అవి వ్యాధిని చంపునని నమ్మి ఆసుపత్రి మానుటయే తప్పు. ఆవిరి పట్టబోయి కాగిన నీరు మీద పడి ఒడలు కాల్చుకొన్న పిల్లలును కలరు. ఇక కోడిమాంసమువలన ఈ వ్యాధి వచ్చునన్న వదంతిని నమ్మి 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో కోళ్లు పెంచువారిని దివాలా తీయించిన జనములో మనమును ఉంటిమి.

మామ్మలు వాకిట వేపమండలు కట్టుటను చూచి నవ్వు విద్యార్థులకు ఒక మాట. మశూచికాలమున గడపకు వేపమండ కనబడిన, లోన రోగి కలడని ఎరిగి పరులు ఆ ఇంటికి పోవుట మానెడివారు. అమ్మవారి పేరిట చేసినను అది ఒక విధమైన సంగరోధమే. అందులో సిగ్గు లేదు. ఆ ఇంటిని ఎవరును వెలివేయలేదు. మన నోటీసు కాగితమునకు ఆ గౌరవము లభించియున్న బాగుండెడిది. భక్తి వలన కట్టుబాటు చెడదనుటకు పూరీయే సాక్షి. 2020 జూన్ 23న జగన్నాథుని రథములు సుప్రీంకోర్టు నిబంధనలకు లోబడి భక్తజన సందోహము లేకయే కదలినవి. స్వామియే జనము లేక కదలినపుడు, మన ఇంటి పెండ్లికి ఐదువందలమంది రాకున్న లోటేమి?

మశూచిని లోకమునుండి తరిమినది టీకా. 1796లో జెన్నరు మొదలుపెట్టిన ఆ పని మన దేశమున 1975లో ఫలించెను. 1980లో లోకమంతటను ఆ వ్యాధి లేదని ప్రకటించిరి. 1897లో బొంబాయిలో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు ప్లేగు టీకాను తయారుచేసి, జనవరి 10న మొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను. కోవిడ్ టీకాలు మన దేశమున 2021 జనవరి 16న ఆరంభమైనవి. వానిలో కోవిషీల్డ్ పుణెలోను, కోవాగ్జిన్ హైదరాబాదులోను తయారైనవి. టీకా యనగా శత్రువు బొమ్మను చూపి సిపాయిలకు గురి నేర్పుట. వ్యాధి అసలే రాదని కాదు. వచ్చినను ప్రాణముమీదికి రాకుండ చాలవరకు కాపాడును. సూది వేసిన చేయి నొచ్చుట, ఒకటి రెండు దినములు జ్వరము వచ్చుట ఆ శిక్షణ జరుగుచున్నదనుటకు గురుతు. మిక్కిలి అరుదుగా తీవ్ర దోషములును కలిగినవి. వానిని దాచుట మంచిది కాదు. అయినను వ్యాధివలని అపాయముతో పోల్చిన అవి చాల స్వల్పము. టీకా వేసిన తరువాత అరగంట అక్కడనే కూర్చుండుమనుట అందులకే.

మరి విద్యార్థులు చేయవలసిన పని ఒకటి కలదు. ప్రకటన వచ్చినపుడు మీరే ఇంటికి దుబాసీలు. మాటకు మాట త్రిప్పుట చాలదు. ‘పాజిటివ్’ అని వినిన పెద్దలు మంచిదే యనుకొందురు. ‘వ్యాధి ఉన్నది’ అని చెప్పుడు. ‘నెగటివ్’ అనిన కీడు కాదు, పరీక్షలో వ్యాధి కనబడలేదని చెప్పుడు. ‘కంటైన్‌మెంట్’ అనిన జైలు కాదు, ఆ వీధికి కొన్నాళ్లు రాకపోకలు లేవు, సరకులు గడపకు వచ్చునని చెప్పుడు. తెలియని మాటకు మీకు తోచిన అర్థము చెప్పక, తెలియదని చెప్పి అడిగి రండు. ఫోనులో వచ్చిన సందేశమును చదువుటకు ముందు ఎవరు పంపిరి, ఎన్నటిది అని చూడుడు.

ఆపద వచ్చినపుడు వ్రాయ కూర్చుండిన ఆలస్యమగును. కావున ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతివారు ఒక్క పుటకు మించని తెలుగు కరపత్రమును సిద్ధము చేయవలెనని కోరుచున్నాము. ఎప్పుడు వేరుగా నుండవలెను, ఏ గురుతులు కనబడిన ఆసుపత్రికి పోవలెను, ఎవరిని పిలువవలెను, తలుపునకు అంటించిన కాగితములో ఏమి యుండును అను నాలుగు సంగతులు చాలును. తేదీకి చోటు విడువుడు. చిత్తుప్రతిని మాకు ఇచ్చుటకు ముందు మీ ఇంట చదువురాని పెద్దలకు ఒకసారి పైకి చదివి వినిపింపుడు. వారు ఏ మాటవద్ద ‘అనగా నేమిరా?’ అని అడిగిరో ఆ మాటక్రింద గీత గీసి తెండు. ఆ మాటలను మార్చిన తరువాతనే దానిని అచ్చునకు ఇత్తుము.